ప్రేవుల వ్యాధియు పీచు పదార్థమును

ప్రాణమును హరింపని వ్యాధులు కొన్ని గలవు. అవి మనుష్యుని మంచమున పడవేయవు. మరణ ధ్రువపత్రమున వాటి పేరు కనిపింపదు. అయినను దినదినమును అవి మనుష్యుని సుఖమును కొంచెము కొంచెముగా కొరికి తినుచుండును. భోజనమైన కొంతసేపటికి కడుపు ఉబ్బుట, పొత్తికడుపులో మెలిపెట్టినట్లు నొప్పి వచ్చుట, విరేచనమైన పిమ్మట ఆ నొప్పి తగ్గుట, కొన్నాళ్లు మలబద్ధకము, మరికొన్నాళ్లు నీళ్ల విరేచనములు, ఎన్నిమారులు వెళ్లివచ్చినను ఇంకను మిగిలియున్నదను భావము - ఇవి అట్టి యొక వ్యాధికి లక్షణములు. ఈ బాధ గలవారు పెండ్లి విందునకు పోవుటకు సంకోచింతురు. దూరప్రయాణమునకు బస్సు ఎక్కుటకు జంకుదురు. నలుగురిలో చెప్పుకొనుటకు సిగ్గుపడుదురు. పరీక్షలన్నియు ముగిసిన పిదప వైద్యుడు “మీకేమియు లేదు” అని చెప్పినప్పుడు సంతోషింపవలసినది పోయి దిగులు చెందుదురు. ఏమియు లేనిచో ఈ బాధ ఎక్కడినుండి వచ్చినట్లు?

ఈ వ్యాధిని నేటి వైద్యులు ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్ అనియు, సంగ్రహముగా ఐబీఎస్ అనియు వ్యవహరించుచున్నారు. మనము దీనిని ప్రేవుల చికాకు అని చెప్పుకొనవచ్చును. ఇందులో ప్రేవులకు పుండు లేదు, వాపు లేదు, కంతి లేదు. కంటికి కనుపించు అవయవము నిర్దోషముగానే యుండును. దాని నడక మాత్రము తప్పును. దానికిని మెదడునకును నడచు సంభాషణలో తేడా వచ్చును. ఈ వ్యాధి గలవారు ఏమి తినవలెనను ప్రశ్నకు రెండు శతాబ్దములుగా వైద్యులిచ్చిన సమాధానములు ఒకటి కాదు. పొట్టు తినుమన్నారు, తరువాత పొట్టు ముట్టవద్దన్నారు, మరల తినుమన్నారు, పిమ్మట ఏ పొట్టు, ఎవరికి, ఎంత అని విచారింప మొదలిడినారు. ఈ కథ తెలియుట కేవలము వినోదమునకు కాదు. నేడు మన ఇండ్లలో ఈ సలహాలన్నియు ఒకేసారి వినవచ్చుచున్నవి. ముసలమ్మ మజ్జిగన్నము తినుమనును. పొరుగింటివారు గోధుమపొట్టు కలుపుకొనుమందురు. పట్నమునుండి వచ్చిన బంధువు గోధుమయే మానుమనును. ఇందులో ప్రతి సలహాకును ఒక కాలము, ఒక కారణము ఉన్నవి. అవి తెలిసినచో ఏది స్వీకరింపవలెనో, ఏది విడువవలెనో నిర్ణయించుకొనుట సులభమగును.

ప్రాచీనులు ఆహారమునకును మలమునకును గల సంబంధమును బాగుగనే గమనించిరి. హిప్పోక్రటీసు పేర జెల్లుచున్న గ్రీకు వైద్యగ్రంథములలో పొట్టు తీయని పిండితో చేసిన రొట్టె ప్రేవులను శుభ్రపరచుననియు, పొట్టు తీసిన రొట్టె ఎక్కువ పుష్టినిచ్చి తక్కువ మలమును కలిగించుననియు చెప్పబడినది. మన దేశమున చరకసంహితలోని చికిత్సా స్థానము పదునైదవ అధ్యాయము గ్రహణీరోగమునకై కేటాయింపబడినది. మలము ఒకప్పుడు గట్టిగను, ఒకప్పుడు ద్రవముగను వెడలుట ఆ రోగమునకు చెప్పిన లక్షణములలో నొకటి. దానికి తక్రమును, అనగా మజ్జిగను, చరకుడు ప్రశస్తమైన పథ్యముగా నిర్ణయించెను. గ్రహణి యనునదియు నేటి ఐబీఎస్ యు ఒకటే యని చెప్పుట సాహసము. ఆ పేరు క్రింద మరి యనేక వ్యాధులు చేరియుండవచ్చును. కాని మజ్జిగకు ఇచ్చిన గౌరవములో కొంత అనుభవసారము గలదని తరువాత చూడగలము.

ఆధునిక కాలమున ఈ వ్యాధి వర్ణన పందొమ్మిదవ శతాబ్దిలో స్పష్టపడినది. 1849లో కమింగ్ అను బ్రిటిషు వైద్యుడు ఒకే మనుష్యునకు ఒకప్పుడు మలబద్ధకమును, ఒకప్పుడు విరేచనములును కలుగుచుండుటను వర్ణించి, ఇట్లేల జరుగునో చెప్పజాలనని నిజాయితీతో ఒప్పుకొనెను. 1871లో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున డా కోస్టా అను వైద్యుడు జిగటతో కూడిన విరేచనములుగల రోగులను గూర్చి వ్రాసెను. 1892లో ప్రఖ్యాతుడైన విలియం ఆస్లర్ తన వైద్య గ్రంథములో దీనికి మ్యూకస్ కొలైటిస్ అని పేరు పెట్టెను. జిగట కనుపించినది కనుక పెద్దప్రేవున వాపు ఉండునని అందరును తలంచిరి. ఆ తలంపు తప్పని తేలుటకు చాల కాలము పట్టినది; ఆ తప్పు తలంపే పథ్యమును కూడ చాల కాలము శాసించినది.

ఇంతలో ప్రపంచమున మరియొక మార్పు వచ్చినది. వేల సంవత్సరములుగా ధాన్యమును తిరగలిలో విసరియో, రోటిలో దంచియో మనుష్యులు తినుచుండిరి. జల్లించినను కొంత పొట్టు పిండిలో మిగిలియుండెడిది. పందొమ్మిదవ శతాబ్ది మధ్యభాగమున హంగరీ దేశమునందలి బుడాపెస్టు నగరమున ఉక్కు రోలర్లతో నడచు పిండి మరలు వృద్ధి పొందినవి. 1870, 1880 దశకములలో అవి బ్రిటనులోను, అమెరికాలోను వ్యాపించినవి. ఈ మరలు గోధుమ గింజనుండి పొట్టును, మొలకను దాదాపు పూర్తిగా వేరుచేసి తెల్లని మెత్తని పిండిని చౌకగా ఇచ్చినవి. ఒకప్పుడు ధనవంతుల భోజనపీఠమునకే పరిమితమైన తెల్లరొట్టె కూలివాని ఇంటికి కూడ వచ్చినది. దానిని ఎవరు కాదందురు?

కాదన్నవారు కొందరు లేకపోలేదు. మరలు రాకముందే అమెరికాలో సిల్వెస్టర్ గ్రాహం అను మతబోధకుడు పొట్టు తీయని పిండి పక్షమున ప్రచారము సాగించి, 1837లో రొట్టెను గూర్చి యొక గ్రంథము వ్రాసెను. ఆ దేశమున ముతక గోధుమపిండికి నేటికిని ఆయన పేరే నిలిచియున్నది. ఇంగ్లాండులో థామస్ ఆలిన్‌సన్ అను వైద్యుడు ముతకరొట్టెను బోధించుటయే గాక, తానే పిండి మరను నడపెను. తోటి వైద్యులతో కలహించుటచే 1892లో ఆయన పేరు వైద్యుల పట్టికనుండి తొలగింపబడినది. వీరు ఆవేశపరులు, వీరి మాటలలో శాస్త్రముకంటె మతవిశ్వాసము ఎక్కువ. అందుచే వైద్యలోకము వీరిని పెడచెవిని పెట్టెను. సరియైన మాటను తప్పు కారణముతో చెప్పినవారికి సాధారణముగా కలుగు గతి ఇదియే.

వైద్యలోకము తన వంతు ఆవేశమును వేరొక దిక్కున చూపినది. ఇరువదవ శతాబ్ది ప్రారంభమున లండను గైస్ ఆసుపత్రిలో సర్ విలియం ఆర్బత్‌నాట్ లేన్ అను గొప్ప శస్త్రవైద్యుడు ఉండెను. పెద్దప్రేవున మలము నిలిచినచో దానినుండి విషము శరీరమంతయు వ్యాపించుననియు, తలనొప్పి మొదలు నిస్సత్తువ వరకు సర్వవ్యాధులకు అదియే మూలమనియు ఆయన విశ్వాసము. మందులకు లొంగని మలబద్ధకముగల రోగులకు పెద్దప్రేవునే కోసివేసెను. 1913లో లండనులోని రాయల్ సొసైటీ ఆఫ్ మెడిసిన్ లో ఈ విషయముపై దీర్ఘమైన చర్చలు జరిగినవి. తరువాత లేన్ మహాశయుడు కత్తిని విడిచి, 1925లో న్యూ హెల్త్ సొసైటీ అను సంఘమును స్థాపించి, ముతకరొట్టె, కూరలు, పండ్లు తినుడని ప్రజలకు బోధించెను. కోసివేయవలసిన ప్రేవునకు కావలసినది ఆహారమేయని ఆయన వృద్ధాప్యమున గ్రహించినాడు. కాని ప్రేవు పోయిన రోగికి ఆ జ్ఞానము వలన ప్రయోజనమేమి?

ఈ విషవాదమును ఖండించినవాడు అమెరికా వైద్యుడు వాల్టర్ ఆల్వారెజ్. 1919లో ఆయన ఒక సులభమైన ప్రయోగమును పేర్కొనెను. ఆరోగ్యవంతుల మలద్వారమున దూదిని కూరినప్పుడు మలబద్ధకము గలవారు చెప్పు తలబరువు, నలత మున్నగు లక్షణములు వారికిని కలిగినవి. దూదిలో విషమేమియు లేదు కదా! కనుక బాధకు కారణము విషము కాదు, ప్రేవు గోడ సాగుటయే యని ఆయన వాదించెను. ప్రేవునుండి నరములద్వారా మెదడునకు పోవు వార్తయే బాధ యను నేటి సిద్ధాంతమునకు ఇది తొలిమెట్టు. కాని ఆల్వారెజ్ పొట్టునకు మిత్రుడు కాడు. సున్నితమైన ప్రేవులుగలవారికి పొట్టు, పీచు, తొక్కలు, గింజలు గాయముమీద గీకుట వంటివని తలంచి, నునుపైన ఆహారమును విధించెను. 1960 దశకము వరకు వైద్యుల పథ్యము ఇదియే: మెత్తగా ఉడికించిన అన్నము, తెల్లరొట్టె, తొక్కతీసి మెదిపిన కూర, వడగట్టిన రసము. మన పట్టణములలో పెద్దతరమువారు “ప్రేవులకు విశ్రాంతి” యని చెప్పు పథ్యము ఈ కాలమునాటి శేషమే.

ఇచ్చట మన దేశపు కథ కొంత చెప్పవలసియున్నది. సర్ రాబర్ట్ మెక్కారిసన్ అను వైద్యుడు 1904 మొదలు 1911 వరకు కాశ్మీరమునకు ఉత్తరముననున్న గిల్గిట్ ప్రాంతమున పనిచేసెను. అచ్చటి కొండజాతులు ముడిధాన్యము, కూరలు, పండ్లు, పాలు తిని జీవించువారు. వారిలో అజీర్ణముగాని, కడుపు పుండుగాని, మ్యూకస్ కొలైటిస్ గాని తనకు కనుపింపలేదని ఆయన చెప్పెను. ఆ అనుభవమును పురస్కరించుకొని, తప్పు ఆహారమునకును జీర్ణకోశ వ్యాధులకును గల సంబంధమును గూర్చి ఆయన అమెరికాలో చేసిన ఉపన్యాసము 1922లో ప్రకటింపబడినది. నీలగిరులలోని కూనూరున ఆయన 1918లో ప్రారంభించిన పరిశోధన తరువాత న్యూట్రిషన్ రీసెర్చ్ లేబరేటరీస్ గా పెరిగినది. 1958లో హైదరాబాదునకు తరలివచ్చినది. 1969లో జాతీయ పోషకాహార సంస్థ యను పేరు ధరించినది.

కూనూరు శాస్త్రజ్ఞుల దృష్టిని ఆకర్షించినది తవుడే. ఉత్తర సర్కారులలో, అనగా మన కోస్తా జిల్లాలలో, మరపట్టిన పచ్చిబియ్యము తిను ప్రజలకు బెరిబెరి వ్యాధి వచ్చుచుండెను. దంపుడు బియ్యము తినువారికిని, ఉప్పుడు బియ్యము తినువారికిని అది అరుదు. ధాన్యమును ఉడికించి దంచినచో తవుడులోని విటమిను గింజలోనికి ఇంకును. పచ్చిధాన్యమును మరలో తెల్లగా పాలిషు పట్టినచో తవుడుతోపాటు అదియు పోవును. ఈ సత్యము బెరిబెరిని అరికట్టుటకు తోడ్పడినది. కాని ఆ తవుడులోనే యున్న పీచును ఎవరును లెక్కచేయలేదు. దానికి కారణము గలదు. ఆహారములోని పీచును కొలుచుటకు శాస్త్రజ్ఞులు వాడిన పద్ధతి 1860 ప్రాంతమున జర్మనీలో పశుగ్రాసమును పరీక్షించుటకై పుట్టినది. ఆహారమును ఆమ్లములోను, క్షారములోను ఉడికింపగా మిగిలినదే ముడిపీచు అని లెక్క. ఆ ఉడుకులో నీట కరగు పీచు కరగిపోవును. కరగని దానిలోను చాల భాగము పోవును. మిగిలినదానికి బలమిచ్చు గుణము లేదు కనుక దానిని వ్యర్థపదార్థముగా పట్టికలలో చివర చేర్చిరి. కొలువ చేతగానిది ఉన్నను లేనట్లే యగును.

పీచు మరల గౌరవము పొందుటకు కారకులైనవారు ఆంగ్లేయ నౌకాదళ వైద్యుడొకడు, ఆఫ్రికాలో పనిచేసినవారు ముగ్గురు. నౌకాదళ వైద్యుడు థామస్ లాటిమర్ క్లీవ్. రెండవ ప్రపంచయుద్ధమున, 1941లో, ఆయన కింగ్ జార్జి ఫైవ్ అను యుద్ధనౌకమీద ఉండెను. తాజా కూరలులేని దీర్ఘప్రయాణమున నావికులు మలబద్ధకముచే బాధపడుచుండగా ఆయన గోధుమపొట్టు బస్తాలను తెప్పించి వారిచే తినిపించి నయము చేసెను. ఆయన సిద్ధాంతములో ప్రధాన నేరము శుద్ధిచేసిన చక్కెరది, తెల్లపిండిది. పీచు అను మాటను ఈ అర్థమున మొదట వాడినవాడు ఈబెన్ హిప్‌స్లీ అను ఆస్ట్రేలియా వైద్యుడు, సంవత్సరము 1953. ఆ మాట అప్పుడు ఎవరి చెవిని పడలేదు.

డెనిస్ బర్కిట్ ఐర్లండున 1911లో జన్మించెను. బాల్యమున ఒక కన్ను పోయినను శస్త్రవైద్యుడై ఉగాండా దేశమునకు వెళ్లెను. పిల్లలకు దవడలలో వచ్చు ఒక క్యాన్సరును 1958లో వర్ణించి ఖ్యాతి పొందెను. ఆ వ్యాధికి ఆయన పేరే పెట్టిరి. 1966లో బ్రిటనునకు తిరిగివచ్చిన పిదప క్లీవ్ తో పరిచయము కలిగెను. అప్పుడాయనకు ఒక విషయము స్ఫురించెను: ఆంగ్లేయుల ఆసుపత్రులు నిండియుండు మలబద్ధకము, మూలవ్యాధి, అపెండిసైటిస్, పెద్దప్రేవున సంచులు ఏర్పడు వ్యాధి - ఇవన్నియు ఉగాండా పల్లెలలో తాను దాదాపు చూడలేదు. ఆయన అనేక మిషను ఆసుపత్రులకు ప్రశ్నావళులు పంపి సమాధానములు సేకరించెను. తూర్పు ఆఫ్రికాలో ముప్పది సంవత్సరములు పనిచేసిన హ్యూ ట్రోవెల్, దక్షిణాఫ్రికాలోని అలెక్ వాకర్ ఆయనకు తోడైరి.

వీరు మాటలతో తృప్తిపడక కొలతలు తీసిరి. ఎక్సురేలలో కనుపించు చిన్న ప్లాస్టిక్ గుండ్లను మ్రింగించి, తరువాతి దినములలోని మలమును సంచులలో సేకరించి, ఎక్సురే తీసి, గుండ్లు ఎన్ని గంటలకు వెలువడినవో లెక్కించిరి. బర్కిట్, వాకర్, నీల్ పెయింటర్ కలిసి 1972లో లాన్సెట్ పత్రికలో ప్రకటించిన వివరముల ప్రకారము, ఉగాండా గ్రామీణుల మలము దినమునకు సుమారు 470 గ్రాములు. ఆహారము శరీరమును దాటుటకు పట్టినది సుమారు 36 గంటలు. బ్రిటిషు నావికులును, వారి భార్యలును విసర్జించినది 100 గ్రాములకు కొంచెము పైన. పట్టినది సుమారు 83 గంటలు. అదే సంవత్సరమున ట్రోవెల్ పీచునకు నూతన నిర్వచనమిచ్చెను: మనుష్యుని జీర్ణరసములకు లొంగని మొక్కల కణకుడ్యములే పీచు. పెయింటర్ ప్రేవు సంచుల వ్యాధిగలవారికి గోధుమపొట్టు ఇచ్చి మేలు కలిగినదని అదే యేట చూపెను. ముప్పది, నలువది సంవత్సరములు నడచిన నునుపు ఆహారపు సిద్ధాంతము ఒక్కసారిగా తలక్రిందులైనది. 1979లో బర్కిట్ సామాన్య ప్రజలకై వ్రాసిన పుస్తకము పెక్కు భాషలలో వెలువడినది. పాశ్చాత్య దేశముల దుకాణములలో పొట్టు పొట్లములు బారులు తీరినవి.

ఇక మన వ్యాధి సంగతి. 1944లో పీటర్స్, బార్గెన్ అను అమెరికా వైద్యులు ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్ అను పేరును వ్యాసశీర్షికగా వాడిరి. 1940 దశకమున న్యూయార్కులో థామస్ ఆల్మీ మానసిక క్షోభ కలిగినప్పుడు పెద్దప్రేవు కదలిక మారుటను కంటితో చూచి నమోదు చేసెను. 1962లో ఆక్స్‌ఫర్డునుండి చౌదరి, ట్రూలవ్ అను వైద్యులు 130 మంది రోగుల చరిత్రలను పరిశీలించి, కొందరికి ఈ వ్యాధి జిగట విరేచనముల తరువాత ప్రారంభమైనదని చూపిరి. 1978లో బ్రిస్టలు నగర వైద్యులు మానింగ్, హీటన్ మొదలగువారు రోగి చెప్పు లక్షణములను బట్టియే వ్యాధిని గుర్తించు విధానమును రూపొందించిరి. తరువాత రోము నగరమున సమావేశమైన నిపుణులు దానిని సవరించిరి. ఆ నిబంధనల నాల్గవ రూపము 2016లో వెలువడినది. ఏమియు లేదని త్రోసివేయబడిన రోగి మాటకు ప్రమాణముగా నిలుచు యోగ్యత ఇట్లు లభించినది.

పొట్టు ప్రభ వెలుగుచున్న దినములలో ఈ రోగులకందరికిని పొట్టే మందైనది. 1976లో డెన్మార్కు వైద్యులు కొందరు రోగులకు పొట్టు బిస్కట్లును, మరికొందరికి పొట్టులేని బిస్కట్లును ఎవరికేది యని తెలియనీయకుండ పెట్టి చూచిరి; పొట్టువలన అధికలాభము కనుపింపలేదు. 1977లో మానింగ్ బృందము 26 మందిపై చేసిన పరీక్షలో గోధుమ పీచు ఎక్కువగా తిన్నవారికి మేలు కలిగినది. వైద్యులు తమకు నచ్చిన రెండవ ఫలితమును నమ్మిరి. రోగి పొట్టు తిని బాధ హెచ్చినదని మొరపెట్టుకొన్నచో, చాలినంత తినలేదనియో, కొన్నాళ్లు ఓర్చుకొనవలెననియో చెప్పి పంపిరి.

1994లో మాంచెస్టరునుండి ఫ్రాన్సిస్, హోర్వెల్ అను ఇరువురు ఈ నమ్మకమును ప్రశ్నించిరి. వారు చేసినది చాల సామాన్యమైన పని: తమవద్దకు వచ్చిన 100 మంది రోగులను అడిగిరి. నూటికి 55 మందికి పొట్టువలన బాధ హెచ్చినదని తేలెను. మేలు కలిగినదన్నవారు 10 మంది. ఇరువది సంవత్సరములు వైద్యులిచ్చిన సలహా సగముమంది రోగులకు కీడు చేసినదన్నమాట! ఆఫ్రికా గ్రామీణుల ఆరోగ్యమును చూచి తీసిన సూత్రము, ఆరోగ్యవంతునకు వ్యాధి రాకుండ కాపాడుటకు పనికివచ్చినను, అప్పటికే వ్యాధిగ్రస్తమైన ప్రేవులకు మందుగా పనికిరానక్కరలేదు. ఈ భేదమును మరచుటయే పొరపాటు.

పీచు అనునది ఒకే పదార్థము కాదు. గోధుమపొట్టు, తవుడు, ఆకుకూరల ఈనెలు వంటివాటిలో ఎక్కువ భాగము నీట కరగని పీచు. అది ముతకగా నుండి ప్రేవు గోడను రాచుచు మలమును త్వరగా తోయును. నీట కరగు పీచు వేరు. ఓట్సు, చిక్కుడు జాతి గింజలు, పండ్ల గుజ్జులో అది గలదు. కొన్ని రకముల పీచు పెద్దప్రేవున నివసించు సూక్ష్మజీవులకు ఆహారమై త్వరగా పులిసి వాయువును కలిగించును. ఆరోగ్యవంతునకు ఆ వాయువు తెలియనే తెలియదు. సున్నితమైన ప్రేవులవానికి అదియే శూల.

ఈ గుణములన్నిటిలో మధ్యేమార్గము వహించునది మన దేశపు గింజయే. దాని పేరు ఇసబ్‌గోల్. గుర్రపు చెవి యను అర్థముగల పారశీక పదమునుండి ఆ పేరు వచ్చినది. గింజ ఆకారము అట్టిది. గుజరాతు, రాజస్థాను రాష్ట్రములు దీని సాగునకు ప్రసిద్ధములు. దీని పొట్టు నీటిలో నానినచో మెత్తని జిగురగును. ఆ జిగురు గట్టిమలమును మెత్తబరచును, పల్చని మలమునకు చిక్కదనమిచ్చును, త్వరగా పులియదు. హాలెండు దేశమున 275 మంది రోగులపై మూడు నెలలు జరిపిన పరీక్ష 2009లో ప్రకటింపబడినది. ఒక వర్గమునకు ఇసబ్‌గోల్, ఒక వర్గమునకు గోధుమపొట్టు, మూడవ వర్గమునకు వట్టి బియ్యపుపిండి ఇచ్చిరి. ఇసబ్‌గోల్ తినినవారికి ఎక్కువ ఉపశమనము కలిగినది. పొట్టు వర్గమున బాధ హెచ్చి పరీక్షనుండి తప్పుకొన్నవారు ఎక్కువ. 2021లో అమెరికా జీర్ణకోశ వైద్యుల సంఘము కరగు పీచును సిఫారసు చేసి, కరగని పీచును సిఫారసు చేయలేదు. తాతలనాటి పెట్టెలోని గింజకు ఇట్లు శాస్త్రముద్ర పడినది.

చివరి అధ్యాయము ఆస్ట్రేలియాది. మెల్బోర్నులోని మొనాష్ విశ్వవిద్యాలయమునకు చెందిన పీటర్ గిబ్సన్, స్యూ షెపర్డ్ 2005లో ఒక నూతన భావమును ప్రతిపాదించిరి. చిన్నప్రేవున సరిగా ఇంకక, పెద్దప్రేవున త్వరగా పులియు కొన్ని చక్కెర జాతి పదార్థములను ఒక గుంపుగా చేర్చి వాటికి ఫాడ్‌మ్యాప్ అని పేరిడిరి. ఉల్లి, వెల్లుల్లి, గోధుమ, రాజ్మా, శనగలు, పాలు, మాగిన మామిడిపండు ఈ గుంపులోనివి. ఇవి దుష్టపదార్థములు కావు; ఆరోగ్యవంతులకు మంచి ఆహారములే. కాని ఈ రోగులలో చాలమందికి వీటిని తగ్గించినచో ఉబ్బరము, నొప్పి తగ్గుచున్నట్లు 2014లో అదే విశ్వవిద్యాలయమువారు చేసిన పరీక్షలో తేలినది. గోధుమపొట్టు కొందరికి ఎందుకు పడలేదో దీనివలన మరింత బోధపడినది: అది ముతక మాత్రమే కాదు, పులియు పదార్థము కూడ. చరకుని మజ్జిగకును ఇచ్చట కొంత సమర్థన గలదు. పాలు తోడుకొనునప్పుడు అందలి చక్కెరలో కొంత భాగము సూక్ష్మజీవులచే ఖర్చగును.

ఈ పథ్యమును జీవితాంతము కఠినముగా పాటింపరాదు. నాలుగు మొదలు ఆరు వారములు మాత్రమే మానవలెను. పిమ్మట ఒక్కొక్క పదార్థమును కొంచెము కొంచెముగా తిరిగి తిని, ఏది తనకు పడదో కనిపెట్టి, దానినొక్కటే తగ్గించుకొనవలెను. వీలున్నచో పోషకాహార నిపుణుని సలహాతో చేయుట మేలు. మన వంటయింటికి ఇది అసాధ్యము కాదు. అన్నము చాలమందికి పడును. శనగలు మొదలగువాటిని బాగుగా నానబెట్టి, ఆ నీటిని పారబోసి వండినచో పులియు పదార్థము కొంత తగ్గును. వెల్లుల్లిలోని ఆ పదార్థము నీట కరగునేగాని నూనెలో కరగదు. కనుక రెబ్బలను నూనెలో వేయించి తీసివేసి, ఆ నూనెతో తాళింపు పెట్టినచో రుచి మిగులును, బాధ తప్పును. ఇసబ్‌గోల్ తినువారు ఒక చెంచాతో ప్రారంభించి, వారముల తరబడి మెల్లగా పెంచుకొనవలెను. గ్లాసెడు నీటితోనే పుచ్చుకొనవలెను. నీరు చాలనిచో అది గొంతునగాని ప్రేవునగాని ఉబ్బి అడ్డుపడవచ్చును. ఇతర ఔషధములను దానితోపాటు గాక కొంత వ్యవధితో తీసికొనవలెను.

ఆరోగ్యవంతులైన గృహస్థులు ఈ కథ విని పీచును మానివేయరాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కోరికపై జరిగి, 2019లో లాన్సెట్ లో వెలువడిన గొప్ప పరిశీలన, దినమునకు 25 నుండి 29 గ్రాముల పీచు తినువారికి గుండెజబ్బు, మధుమేహము, పెద్దప్రేవు క్యాన్సరు తక్కువగా వచ్చుచున్నవని తెలిపినది. బర్కిట్ చూపిన దిక్కు సరియైనదే. దంపుడు బియ్యము, జొన్నరొట్టె, రాగిసంకటి, పప్పు, ఆకుకూరలు మన పూర్వుల నిత్యభోజనము. వాటిని పాలిషు బియ్యమునకును, మైదాకును విడిచిపెట్టుట లాభసాటి బేరము కాదు.

ఒక హెచ్చరిక తప్పనిసరి. మలములో రక్తము పడినను, కారణము లేక బరువు తగ్గినను, రక్తహీనత కనుపించినను, నిద్రనుండి మేల్కొల్పు విరేచనములున్నను, ఏబది యేండ్లు సమీపించిన పిదప క్రొత్తగా ఈ బాధ ప్రారంభమైనను, ఇంటిలో ఎవరికైన ప్రేవు క్యాన్సరు వచ్చియున్నను, దీనిని ప్రేవుల చికాకుగా భావించి పథ్యముతో కాలము గడుపరాదు. వెంటనే వైద్యుని చూడవలెను.

గ్రాహం, లేన్, ఆల్వారెజ్, బర్కిట్ - వీరందరును మేధావులే. పరోపకార బుద్ధి గలవారే. వారిలో ప్రతివారును ఒక సత్యమును కనుగొని, దానిని సర్వజనులకు అన్వయింపబూనిరి. విషవాదము ప్రేవులను కోసివేసినది. నునుపు ఆహారము జనులను తెల్లరొట్టెకు కట్టివేసినది. పొట్టు వాదము సగముమంది రోగులకు నొప్పి హెచ్చించినది. ప్రతిసారియు ఆ వాదమును సవరించినది ఎవరో ఒకరు రోగి మాటను శ్రద్ధగా విని, లెక్కవేసి చూచుటయే. ఈ వ్యాధితో జీవించువారు తమ అనుభవమునకు సిగ్గుపడనక్కరలేదు. ఏమి తిన్నప్పుడు ఏమి జరిగినదో రెండు, మూడు వారములు ఒక నోటుపుస్తకములో వ్రాసియుంచి వైద్యునకు చూపినచో, ఆ పుస్తకము వారికి పెద్ద గ్రంథములకంటె ఎక్కువ ఉపకరించును.